నాలుగో అనుబంధం

అప్పు తీసుకునేవాళ్ళను కాపాడి తీరాలని ప్రభుత్వం గట్టిగా నిశ్చయించుకున్న ఏడాదే బైండింగ్ మేస్త్రికి ఇంటి అప్పు కావలసి వచ్చింది. ఆయన అదృష్టం అలాంటిది.

అంతకుముందు జనం కాగితాలు చదవకుండానే సంతకాలు పెట్టేసేవారట. ఆనక ఇల్లు చేజారిపోయాక లబోదిబోమనేవారట. ఇలా అయితే లాభం లేదని పెద్దలంతా కూర్చుని ఆలోచించి కొత్త చట్టం తెచ్చారు. జనం ఇప్పుడూ చదవకుండానే సంతకం పెడుతున్నారు గానీ, సంతకానికి పైన "ఇందులోని విషయాలన్నీ చదివి, పూర్తిగా అర్థం చేసుకుని సంతకం చేస్తున్నాను" అని సొంత దస్తూరీతో రాసి మరీ పెడుతున్నారు. దాంతో రక్షణ సంపూర్ణమైంది. ఎవరికి రక్షణ అన్నది కూడా ఆ చట్టంలో ఎక్కడో రాసే ఉంటారు.

మేస్త్రి పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాడు. వెనక రెండు గదుల్లో కాపురం, ముందు గదిలో బైండింగు పని. ఆ ముందు గదిలో నేలకు బోల్టులు బిగించిన కటింగ్ మిషను ఒకటుంది. దాన్ని లోపల పెట్టాకే వీధి గోడ కట్టారు. బయటికి తీయాలంటే ఆ గోడ పగలగొట్టాలి. ఇప్పుడు ఇంటాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కార్లు కడిగే షెడ్డు వేసుకుంటానని ఒకడు డబ్బు పట్టుకుని తిరుగుతున్నాడు.

"నువ్వు పాతవాడివి కాబట్టి నీకే ముందు చెబుతున్నా. శుక్రవారం నాలుగింటికి చెక్కు నా చేతిలో ఉండాలి. నాలుగు దాటితే అతనికి మాటిచ్చేస్తాను," అన్నాడు ఇంటాయన.

బ్యాంకువాళ్ళు లెక్కలన్నీ చూసి అప్పు మంజూరైందన్నారు. మంగళవారం నాడు ఒప్పంద పత్రాలు చేతిలో పెట్టారు. సంతకం పెట్టడమే తరువాయి.

మేస్త్రి ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, దేవుడికి దండం పెట్టుకుని, పనిబల్ల మీద గుడ్డ పరిచి కాగితాలు ముందేసుకున్నాడు. చదవడానికి కాదు, లెక్కపెట్టడానికి. ఏదైనా సరే లెక్కపెట్టకుండా సూది గుచ్చడు ఆయన. పని కొత్తలో ఒకసారి ఒక పుస్తకానికి ఒక ఫారం తక్కువగా కుట్టేశాడు. పదహారు పేజీలు లేని ఆ పుస్తకాన్ని కొన్నాయన తిరిగి తెచ్చి, పల్లెత్తు మాట అనకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే మేస్త్రి ఎప్పుడో మరిచిపోయేవాడు.

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. ఫ్రిజ్జులు, మిషన్లు వాయిదాల మీద అమ్మే కొట్లో పని అతనికి. సంతకాలు పెట్టించడంలో అందె వేసిన చెయ్యి.

"ఏంటి బావా, అంత దీక్షగా లెక్కపెడుతున్నావు? నోట్లా?"

"కాగితాలు."

"బ్యాంకోళ్ళు కాగితాలు తక్కువిస్తారా నీకు! వాళ్ళ దగ్గర దండిగా ఉన్నవే అవి."

"యాభై ఎనిమిది పేజీలు. వెనక అనుబంధాలు," అని మేస్త్రి వేలితో ఒక్కొక్కటే తిప్పాడు. "ఒకటి. రెండు. మూడు. అయిదు."

మళ్ళీ వెనక్కి తిప్పాడు. మూడు, అయిదు.

"నాలుగు లేదు."

"పోనీలే బావా, అయిదుందిగా! నేను మూడేళ్ళ కిందట ఆ బ్యాంకులోనే తీసుకున్నాను లోను. లోపలికెళ్ళి బయటికి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం పెన్ను రాయలేదు."

ఉతికిన బట్టలు మడతపెడుతున్న మేస్త్రి భార్య తలెత్తి, "మరి నీ వాయిదా మూడుసార్లు పెరిగిందని మొన్న గగ్గోలు పెట్టావుగా?" అంది.

"అది వేరక్కా. అది వడ్డీ. దానంతటదే పెరుగుతుంది."

మేస్త్రి అప్పుడు పత్రాలు మొదటినుంచి చదవడం మొదలెట్టాడు. పంతొమ్మిదో నిబంధన దగ్గర ఆగాడు. "వడ్డీ రేటు నాలుగవ అనుబంధమునందు తెలిపిన సందర్భములలో, తెలిపిన మేరకు మారును" అని ఉంది. దానంతటదే కాదన్నమాట. నాలుగో అనుబంధం వల్ల.

బుధవారం బ్యాంకు తలుపు తీయగానే లోన్లు చూసే మేడం బల్ల ముందు కూర్చున్నాడు. ఆ బల్ల వెనక గోడ మీద పెద్ద బొమ్మ. అందులో తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ ఒక గొడుగు కింద నిలబడి నవ్వుతున్నారు. కింద "అర్థం చేసుకోండి, నిశ్చింతగా ఉండండి" అని రాసుంది. గొడుగు మీద బ్యాంకు పేరుంది. వాన ఎవరు కురిపిస్తున్నారో బొమ్మలో వేయలేదు.

"అమ్మా, ఒక కాగితం తగ్గింది. నాలుగో అనుబంధం."

మేడం నవ్వింది. ఫైలు తిరగేసింది. నవ్వు కాస్త తగ్గింది. కంప్యూటరులో వెతికింది. లేచి వెళ్ళి ఇనప బీరువా తీసి పాత ఫైళ్ళు నాలుగు లాగి చూసింది. తిరిగొచ్చేసరికి ముఖంలో నవ్వు లేదు, చీర కుచ్చిళ్ళకు దుమ్ము ఉంది.

"ఏ ఫైల్లోనూ లేదండీ."

"మీరు ఎప్పుడైనా చూశారా అమ్మా?"

"ఇక్కడ చేరి ఆరేళ్ళయింది..." అని ఆగి, "ఎవరూ అడగలేదండీ," అంది నెమ్మదిగా.

విషయం అద్దాల గదిలోని మేనేజరు దగ్గరికి వెళ్ళింది. మేనేజరు చాలా మర్యాదస్తుడు. కస్టమరు సంతకం పెట్టేదాకా మంచినీళ్ళు తెప్పిస్తాడు.

"చూడండి మేస్త్రి గారూ, ఈ బ్రాంచిలో మూడు వేల పైచిలుకు ఇంటి లోన్లు ఇచ్చాం. అందరికీ అర్థమైంది. మీ ఒక్కరికే ఎందుకు అర్థం కావడం లేదు?"

"వాళ్ళకి ఆ కాగితం ఇచ్చారేమో సార్."

"ఎవరికీ ఇవ్వలేదు."

"ఇవ్వకుండానే అర్థమైందా సార్?"

"అయిందనే రాశారు మరి! సొంత దస్తూరీతో."

మేస్త్రి ఆ మాటను కాసేపు మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడు వేల మంది లేని కాగితాన్ని చదివారు. చదివి ఊరుకోలేదు, పూర్తిగా అర్థం చేసుకున్నారు. ఇంత గొప్ప పాఠకులు ఏ రచయితకు దొరుకుతారు? తన దగ్గరికి బైండింగుకి వచ్చే పుస్తకాల్లో సగం, రాసినవాళ్ళకే అర్థం కానివి.

"నాకంత తెలివి లేదు సార్. ఆ కాగితం ఇప్పించండి, చదువుకుంటాను," అన్నాడు.

మేనేజరు మంచినీళ్ళ గ్లాసు వెనక్కి పంపేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. బావమరిది కుర్చీ తిరగేసి కూర్చుని లాయరులా వాదించాడు.

"బావా, వాళ్ళు రాయమన్నది రాసేయ్. నీ సొమ్మేం పోతుంది? అదొక మాట, అంతే. ఎలా ఉన్నారంటే బాగున్నామంటాం. నిజంగా బాగుంటామా?"

"అది నోటిమాట. ఇది చేత్తో రాసి పేరు పెట్టడం. చదవనిదాన్ని చదివానని ఎలా రాస్తాను?"

"దేవుడు బ్యాంకు ఫారాలు కూడా చూస్తాడంటావా?"

"చూడడేమో. నేను చూశాను కదా."

భార్య చేతిలో కుట్టుదారం ఉంది. ఇంట్లో పుస్తకాల ఫారాలు కుట్టే పని ఆవిడదే, పంతొమ్మిదేళ్ళుగా.

"మీరు అబద్ధం రాయొద్దు. నేను రాయమనను," అంది. "కానీ శుక్రవారం తర్వాత ఏ ఊళ్ళో, ఏ గదిలో ఈ మిషను పెడతారో అది కూడా ఆలోచించండి. మీ సత్యాన్ని సంచిలో వేసుకుని పోవచ్చు. మిషను సంచిలో పట్టదు."

ఆవిడ కోపంగా అని ఉంటే మేస్త్రి ఏదో ఒకటి అనేవాడు. భయంతో అంది. పడుకోబోయే ముందు దేవుడి ముందు కూర్చుని, ఇది నిజాయితీయా, మొండితనమా, లేక పదిమందిలో తను ఒక్కడే తెలివైనవాడినని చూపించుకోవాలన్న దుగ్ధా అని అడిగాడు. దేవుడు కూడా లిఖితపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు.

గురువారమంతా ఫోన్లతో గడిచింది. మేడం హెడ్డాఫీసుకి ఫోను చేసింది. హెడ్డాఫీసు లీగల్ విభాగానికి కలిపింది. లీగల్ విభాగం, అనుబంధాలు తమవే గానీ నాలుగోది మాత్రం వడ్డీల విభాగానిదని చెప్పింది. వడ్డీల విభాగం, అది కస్టమరు దగ్గరే ఉంటుంది, ఆయన్నే అడగమంది.

"కస్టమరు నా ఎదురుగానే ఉన్నారండీ," అంది మేడం. "ఆయనే మనల్ని అడుగుతున్నారు."

అవతల ఫోను పెట్టేశారు. సాయంత్రం అయిదింటికి జవాబు మెయిల్లో వచ్చింది. మేడం పైకే చదివింది: "నాలుగవ అనుబంధము అమలులో ఉన్నది."

"ఎక్కడుందట అమ్మా?"

"అమల్లో ఉందటండీ."

మేస్త్రి తల ఊపాడు. కంటికి కనపడకుండా అన్నిచోట్లా ఉండి అందరినీ నడిపించేది ఒక్కటే అని ఇన్నాళ్ళూ నమ్మాడు. ఇప్పుడు రెండున్నాయని తేలింది.

ఆ రోజు ఇంటికెళ్తే భార్య అటకమీది అట్టపెట్టెలు దించి తుడుస్తోంది.

శుక్రవారం భార్య కూడా బ్యాంకుకు వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ప్రింటరు లోంచి ఒక కాగితం ఊడిపడింది. మేనేజరే స్వయంగా పట్టుకొచ్చాడు, మంచినీళ్ళ గ్లాసు వెంటబెట్టుకుని. పైన పెద్ద అక్షరాలతో "అనుబంధం 4" అని ఉంది. కింద ఒకటే వాక్యం: "పంతొమ్మిదవ నిబంధనలో చెప్పిన మార్పులు బ్యాంకు సబబని భావించిన సందర్భములలో, సబబని భావించిన మేరకు ఉండును."

కాగితం ఇంకా వెచ్చగా ఉంది. మేస్త్రి రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడు అర్థమైందా?" అన్నాడు మేనేజరు.

"అయింది సార్. మొత్తం కట్టలో ఇంత తేలిగ్గా అర్థమైంది ఇదొక్కటే."

"హమ్మయ్య! అయితే పెట్టండి సంతకం."

"పెట్టలేను సార్. అర్థం కాకముందు పెట్టలేకపోయాను, తెలియక. ఇప్పుడు తెలిసి పెట్టలేను."

మేనేజరు ముఖం ఎర్రబడింది. "అందరూ ఒప్పుకున్నదే కదండీ ఇది!"

"ఇది ఈ రోజు పుట్టింది సార్. అందరూ ఎలా ఒప్పుకుంటారు?"

అప్పుడు మేడం తన బల్ల మీది కాగితాలు అనవసరంగా సర్దుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది: "కొత్త చట్టంలో పన్నెండో సెక్షను ఉంది సార్. కస్టమరుకి ఒకసారి కాగితాలిచ్చి స్టాంపు వేశాక, మనం కొత్తగా ఏదీ చేర్చకూడదు. మంగళవారం స్టాంపు వేశాను. యాభై ఎనిమిది పేజీలు, అనుబంధాలు నాలుగు. ఒకటి, రెండు, మూడు, అయిదు అని బుధవారం వచ్చినప్పుడు ఆయన ముచ్చటపడి రసీదు మీద రాయించుకున్నారు."

"ఎందుకు రాశావమ్మా?"

"అడిగారు సార్. ఇంతకుముందు ఎవరూ అడగలేదు."

"సరే, లోను ఇవ్వం. గొడవ వదిలిపోతుంది."

మేస్త్రి భార్య కొంగు చివర గట్టిగా పట్టుకుంది. మేస్త్రికి గోడ కూలుతున్న చప్పుడు చెవుల్లో నిజంగా వినపడింది.

"మంజూరు చేసి ఇవ్వకపోతే కారణం రాసివ్వాలి సార్," అంది మేడం ఇంకా మెల్లగా. "మీ సొంత దస్తూరీతో. ఒక కాపీ నియంత్రణ సంస్థకి పంపాలి."

మేనేజరు తెల్లకాగితం తీసుకుని అద్దాల గదిలోకి వెళ్ళాడు. అద్దాలు కాబట్టి అంతా కనిపిస్తూనే ఉంది. ఏదో రాశాడు, కొట్టేశాడు. గోడ గడియారం వంక చూశాడు. మళ్ళీ రాశాడు. కస్టమరు ఆదాయం చాలదని రాశాడట. చాలునని సోమవారం తనే సంతకం పెట్టాడు. కస్టమరు సహకరించలేదని రాశాడట. మూడు రోజులుగా తలుపు తీయగానే వచ్చి కూర్చుంటున్నవాణ్ణి అలా అనడం కుదరదు. చివరికి "లేని కాగితం అడిగినందున" అని రాసి, దాని వంక చాలాసేపు చూశాడట. ఇవన్నీ తర్వాత మేడం చెత్తబుట్టలో చూసి చెప్పిన సంగతులు. అప్పటికి మేస్త్రికి తెలిసింది ఒక్కటే. రోజుకు పదిమంది చేత సంతకాలు పెట్టించే పెద్దమనిషి, తన సంతకం దగ్గరికొచ్చేసరికి పెన్ను మూత పెట్టడం, తీయడం తప్ప ముందుకు పోలేకపోతున్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది. ఈయన కూడా చెడ్డవాడేం కాదు. నిజం రాయాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు పాపం.

మూడున్నరకు మేనేజరు బయటికొచ్చి ఒప్పంద పత్రం మీద పంతొమ్మిదో నిబంధనకు అడ్డంగా గీత కొట్టాడు. పక్కన పొట్టి సంతకం పెట్టాడు. మేస్త్రినీ పెట్టమన్నాడు. వడ్డీ ఇప్పుడున్నంతే ఉంటుంది, చివరిదాకా.

"ఇక ఆ చివరి పేజీ కానివ్వండి. తొందరగా."

మేస్త్రి గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలెట్టాడు. "పంతొమ్మిదవ నిబంధన కొట్టివేసిన పిమ్మట మిగిలినవన్నీ చదివాను. అర్థమైనంతవరకు అర్థం చేసుకుని..."

"అర్థమైనంతవరకు ఏంటండీ మళ్ళీ!"

"నలభై మూడో పేజీలో ఒక చిన్న సందేహం సార్..."

"వద్దు! వద్దు, ఉండనివ్వండి. అలాగే ఉండనివ్వండి." మేనేజరు చేతులు జోడించినంత పని చేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేస్త్రి గారూ, మీ పని మీకైంది. ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి. చెక్కు మీద సంతకం చేసి ఇప్పుడే తెస్తాను," అని లోపలికెళ్ళాడు.

మేస్త్రి అవుననలేదు, కాదనలేదు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఇంటాయన అప్పటికే వచ్చి బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు. "పన్నెండు నిమిషాలు," అన్నాడు అక్కణ్ణించే. "అవతల కారు షెడ్డాయన టీ కొట్లో కూర్చున్నాడు. రెండో టీ తాగుతున్నాడు."

పక్క బల్ల దగ్గర ఓ జంట కూర్చుని ఉంది. కుర్రవాడు బస్సు కండక్టరు, డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, యూనిఫాం విప్పలేదు. ఆ అమ్మాయి నిండు నెలల్లో ఉంది. వాళ్ళ ముందు అదే మందం కట్ట, అదే రంగు అట్ట. కుర్రవాడు నేరుగా చివరి పేజీ తీసి, నాలిక బయటపెట్టి శ్రద్ధగా రాస్తున్నాడు. "ఇందులోని విషయాలన్నీ చదివి..." దాకా వచ్చాడు.

మేస్త్రి కుర్చీలో కదిలాడు. ఆయన మోచేతి మీద భార్య చెయ్యి పడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకు ఆయన వీపు చూసినా మనసులో మాట తెలిసిపోతుంది.

"చెక్కు చేతికి రానివ్వండి. తర్వాత చెబుదురు గాని," అంది చెవిలో.

అది సబబైన మాట. మేనేజరు లోపల చెక్కు పుస్తకం తీస్తున్నాడు. పది నిమిషాలు ఓపిక పడితే ఇల్లు తమది. తర్వాత వాళ్ళకూ చెప్పొచ్చు, వీధిలో అందరికీ చెప్పొచ్చు. కానీ కుర్రవాడు పది నిమిషాలు ఆగేలా లేడు. "పూర్తిగా" రాసేశాడు. "అర్థం" మొదలెట్టాడు. తనకు మేలు చేయమని పొద్దున్నే దేవుణ్ణి అడిగాడు మేస్త్రి, దేవుడు చేశాడు. చేసిన మేలు తనదాకా వచ్చి ఆగిపోవాలని ఆయనేమైనా షరతు పెట్టాడా? ఒకవేళ పెట్టాడేమో, తనకు తెలియదు.

"బాబూ," అన్నాడు. గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "ఒక్క నిమిషం. సంతకానికి ముందు వెనక ఉన్న అనుబంధాలు లెక్కపెట్టుకోండి."

కుర్రవాడు పెన్ను ఎత్తాడు. "ఎందుకండీ?"

"ఊరికే. లెక్కపెట్టండి."

ఆ అమ్మాయి కట్ట తన ముందుకు లాక్కుంది. భార్య మేస్త్రి మోచెయ్యి వదిలేసింది. సరిగ్గా అప్పుడే మేనేజరు చెక్కుతో బయటికొచ్చాడు. ఆయన విన్నాడు. అద్దాల గది గుమ్మంలోనే ఆగిపోయాడు. చెక్కు పట్టుకున్న చెయ్యి ముందుకు రాలేదు. మెల్లగా వెనక్కి, నడుము పక్కకు పోయింది. మేస్త్రి ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. నోరు తడారిపోయింది. మంచినీళ్ళ గ్లాసు మేనేజరు బల్ల మీదే ఉండిపోయింది.

"సార్," అంది లోన్ల మేడం తలెత్తకుండా. "సంతకాలయ్యాక చెక్కు ఆపాలంటే దానికి కూడా కారణం రాయాలి. రెండు కాపీలు."

మేనేజరు చెక్కు తీసుకెళ్ళి గుమ్మం దగ్గరున్న ఇంటాయన చేతిలో పెట్టాడు. ఎవరి ముఖమూ చూడలేదు. ఇంటాయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, గడియారం చూసి, "మూడూ యాభై ఆరు," అన్నాడు, అందులో తన గొప్పేదో ఉన్నట్టు.

మెట్లు దిగుతుంటే భార్య అంది: "ఆగలేకపోయారా?"

"ఆగితే అతను రాసేసేవాడు."

"మన చెక్కు పోయుంటే?"

మేస్త్రి ఆలోచించాడు. ఏదో ఒకటి చెప్పి సర్దుకోవచ్చు.

"పోయుంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలీదు," అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సరే పదండి," అని ముందు నడిచింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. ఇంటాయన వెనక ఇద్దరూ గబగబా నడిచారు.